శిశువులను గురువులుగా నెంచిన మేరియా మాంటిస్సోరి

లోకమున గొప్పవారి చరిత్రములు పెక్కు గలవు. రాజ్యములను జయించినవారిని, గ్రంథములను రచించినవారిని, యంత్రములను కనిపెట్టినవారిని గూర్చి మన విద్యార్థులు పాఠ్యపుస్తకములందు చదువుచునే యున్నారు. పలకయు బలపమును పట్టజాలని పసివారి యెదుట కూర్చుండి, వారు చేయు పనిని ఓపికతో గమనించి, వారివలన తాము నేర్చుకొని, ఆ నేర్చినదానిని లోకమునకు చాటినవారు మాత్రము మిక్కిలి యరుదు. అట్టివారిలో డాక్టరు మేరియా మాంటిస్సోరి అగ్రగణ్యురాలు. ఆమె చరిత్రమును సంగ్రహముగా ఈ సంచికలో మా చదువరుల కందించుచున్నాము.

మన విజయవాడలో ఈ పేరు విననివా రరుదు. 1955వ సంవత్సరమున శ్రీమతి వి. కోటేశ్వరమ్మగారు ఈ పట్టణమున చిన్నపిల్లలకొక పాఠశాలను స్థాపించి దానికి మాంటిస్సోరి పేరు పెట్టిరి. తరువాత ఆ పేరిటనే మహిళా కళాశాలయు వెలసెను. 2017లో భారత ప్రభుత్వమువారు ఆమెను పద్మశ్రీ పురస్కారముతో గౌరవించిరి. నేడు ఉదయవేళ బెంజ్ సర్కిలు వద్ద నిలుచుండి చూచినచో, బందరు రోడ్డును జాతీయ రహదారిని దాటుచు పోవు పాఠశాలల బస్సులు లెక్కకు మిక్కిలిగా కనబడును. వానిలో నిద్రమత్తు వీడని పసివారును గలరు. మాంటిస్సోరి యనగా మేలైన ఆటవస్తువులు, శుభ్రమైన గదులు, కలవారి పిల్లలు, తక్కినవారికంటె ముందుగా చదువనేర్చుట యని చాలమంది తలిదండ్రుల యభిప్రాయము. కాని ఆ పద్ధతి పుట్టినది కలవారి యిండ్లలో గాదు, చురుకైన పిల్లల నడుమను గాదు. బడికి పనికిరారని వెలివేయబడి, పిచ్చియాసుపత్రి గదులలో నుంచబడిన పిల్లల నడుమ నది పుట్టెను. ఈ సంగతి యెరిగినవారు కొలదిమంది. దానిని తెలుపుటయే ఈ వ్యాసమునకు ముఖ్యోద్దేశము.

మేరియా 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన ఇటలీదేశమున అంకోనా మండలములోని కియరవల్లె యను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. పాతపద్ధతులయందు పట్టుదల గలవాడు. తల్లి రెనిల్డె చదువుకొన్న యిల్లాలు; పుస్తకములనిన ఆమెకు మిక్కిలి మక్కువ. మేరియా వారికి ఏకైక సంతానము. 1875లో ఆ కుటుంబము రోమునగరమునకు చేరుటచే ఆ బాలిక విద్యాభ్యాసము అచట జరిగెను. ఆ దినములలో చదువుకొన్న బాలికకు ఉపాధ్యాయవృత్తి యొక్కటియే తగినదని పెద్దల మతము. ఆమె దాని కొప్పుకొనక, పదుమూడవయేట సాంకేతిక పాఠశాలలో చేరి గణితము నభ్యసించెను. ఉపాధ్యాయినిని కానొల్లనన్న ఆ బాలికయే కడపట దేశదేశముల ఉపాధ్యాయులకు పాఠము చెప్పునదగుట వింతయే గదా!

పిమ్మట వైద్యవిద్య నేర్వవలెనని ఆమె సంకల్పించెను. తండ్రికది యిష్టము లేదు. తల్లి మాత్రము వెన్నుదన్నుగా నిలిచెను. 1890లో రోము విశ్వవిద్యాలయమున ప్రకృతిశాస్త్రముల తరగతిలో చేరి, అందు ఉత్తీర్ణురాలై, ఆపై వైద్యవిద్యార్థినిగా ప్రవేశము సాధించెను. పురుషులతో కలిసి స్త్రీ శవపరీక్ష నేర్చుట తగదని నాటి యాచారము. అందుచే తక్కిన విద్యార్థులు వెడలిపోయిన పిదప ఆమె యొక్కతెయే ఆ గదిలో నిలిచి ఆ పాఠమును నేర్వవలసివచ్చెను. తోటివారినుండి వేరుచేయబడి చదువుట యెట్లుండునో ఆమెకు స్వానుభవమే. 1896లో ఆమె వైద్యపట్టము నందెను. ఇటలీలో ఆ పట్టము నందిన తొలి స్త్రీలలో ఆమె యొకతె. ఆ యేటనే బెర్లిను నగరమున జరిగిన మహిళా మహాసభకు ప్రతినిధిగా వెళ్లి, సమానమైన పనికి స్త్రీలకును సమానమైన వేతన మీయవలెనని వాదించెను.

పట్టమందిన తరువాత ఆమె విశ్వవిద్యాలయపు మానసిక వైద్యశాలలో సహాయకురాలుగా పనిచేయుచు, చికిత్సకు తగినవారి నెన్నుటకై నగరములోని పిచ్చియాసుపత్రులకు పోవుచుండెను. అచట ఉన్మాదులైన పెద్దలతో పాటు చిన్నపిల్లలనుకూడ నుంచియుండిరి. మాట రానివారు, మూర్ఛరోగము గలవారు, బుద్ధి నిదానముగా వికసించువారు, పిలిచిన పలుకక తమలో తాము మెలగువారు, వీరందరికిని మందబుద్ధులని యొక్కటే పేరు పెట్టుట ఆ కాలపు వాడుక. వారికి తిండి పెట్టుచుండిరి, పైకప్పు నిచ్చిరి, చేతికి మాత్రము ఏమియు నీయలేదు. ఒకచోట ఆ పిల్లలు భోజనము కాగానే నేలపై బడి రొట్టెతునుకల నేరుకొనుచుండగా, కాపలాయామె వారిని తిండిపోతులని యసహ్యించుకొనెనట. మేరియా ఆ గదిని నలుదెసల పరికించెను. అందొక బొమ్మ లేదు, ఒక పూస లేదు, ఒక కర్రముక్కయైనను లేదు. పిల్లలు ఆ తునుకల నేరుట ఆకలిచేత గాదనియు, వ్రేళ్లతో పట్టి త్రిప్పి చూచుటకు అవి తప్ప వేరొకటి లేకపోవుటచేతననియు ఆమె గ్రహించెను. చేతులకు పని లేనిచో మనస్సునకు దారి లేదు. ఈ పిల్లలకు వలసినది ఔషధముకంటె ఎక్కువగా విద్య యని ఆమె నిశ్చయించుకొనెను.

ఇట్టి పనికి పూర్వమెవరైన పూనుకొనిరా యని వెదకగా ఇద్దరు ఫ్రెంచి వైద్యుల గ్రంథము లామెకు లభించెను. మొదటివాడు ఇటార్డు. 1800వ సంవత్సరమున ఫ్రాన్సుదేశపు అవెరోన్ ప్రాంతమున అడవినుండి సుమారు పండ్రెండేండ్ల బాలు డొకడు వెలుపలికి వచ్చెను. వానికి మాట రాదు; మనుష్యుల పొత్తు తెలియదు. పెద్ద పేరుగల పండితులు వాడు బాగుపడడని తీర్మానింపగా, పారిసులోని చెవిటివారి పాఠశాలలో వైద్యుడుగా నున్న యువకుడైన ఇటార్డు వానికి విక్టరని పేరిడి, సుమారు ఐదేండ్లు చదువు చెప్పెను. గెరెన్ అను నొక యిల్లాలు వానిని తల్లివలె సాకెను. విక్టరునకు మాట రాలేదు. అయినను అక్షరములను పోల్చుటయు, కొన్ని పదములను గుర్తించుటయు, తన్ను సాకిన యామెయెడ ప్రేమ చూపుటయు నేర్చెను. అతడు 1828లో మరణించెను. ఆ బాలునకు నేడు మనము ఆటిజమనునది యుండెనేమో యని మన కాలపు పండితులలో కొందరు తలంచుచున్నారు. రెండవవాడు ఇటార్డు శిష్యుడైన సెగ్విను. ఇతడు పూసలు, బొత్తాములు, లేసులు, మెట్లు మొదలగు సామాన్యవస్తువులతో చేతికిని కంటికిని శిక్షణ నిచ్చు మార్గమును కల్పించి, 1846లో గొప్ప గ్రంథము వ్రాసెను. మేరియా ఈ యిరువురి గ్రంథములను తన భాషలోనికి మార్చుచు, ప్రతి మాట యర్థమును తూచుటకు వ్యవధి యుండవలెనని, స్వహస్తముతో వ్రాసికొనెను.

1898లో ట్యూరిను నగరమున కూడిన ఉపాధ్యాయ మహాసభలో ఆమె ఈ పిల్లల పక్షమున గట్టిగా మాటలాడెను. 1900లో అట్టి పిల్లలకును, వారికి చదువు చెప్పువారికిని రోములో నొక విద్యాలయము ఏర్పడగా, డాక్టరు మాంటెసానోతో కలిసి దానిని నడపు భార మామెపై బడెను. ప్రొద్దుట ఎనిమిది గంటలనుండి రాత్రి ఏడు గంటలవరకు పిల్లలతోనే యుండి, ఇంటికి పోయి ఆనాడు చూచినదెల్ల వ్రాసి, సరిపోల్చి, మరునాటికి కొత్త పరికరములు సిద్ధపరచుకొనుచుండెను. అట్లు గడచిన దినములే తనకు నిజమైన ఉపాధ్యాయపట్ట మని యామె యెంచెను. ఆ శ్రమకు ఫలము దక్కెను. ఆ పిల్లలలో కొందరు చదువను వ్రాయను నేర్చి, తక్కిన పాఠశాలల పిల్లలతోపాటు పరీక్షకు పోయి కృతార్థులైరి. జను లదియొక యద్భుతమని కొనియాడిరి. మేరియా మాత్రము వేరొక ప్రశ్న వేసికొనెను. వెలివేయబడిన పిల్లలు ఇంతవరకు రాగా, ఆరోగ్యవంతులైన పిల్లలు అంతకుమించి పోలేకపోవుటకు మన పాఠశాలలలో నున్న లోప మేమి? ఈ ప్రశ్నయే ఆమె జీవితమును మార్చివైచెను.

ఆమె సొంత జీవితములోని దుఃఖ మొకటి యిచట చెప్పవలసియున్నది. 1898లో ఆమెకు మారియో యను కుమారుడు కలిగెను. మాంటెసానో ఆ బిడ్డకు తండ్రి. వారికి వివాహము జరుగలేదు. నాటి సంఘము అట్టి తల్లిని క్షమించునది కాదు. ఆమె చేయు పనిని కొనసాగనిచ్చునదియు గాదు. బిడ్డ పల్లెలో నొక కుటుంబమువారి యింట పెరిగెను. తల్లి యప్పుడప్పుడు పోయి చూచివచ్చుచుండెను. మారియోకు పదునైదేండ్ల ప్రాయమున తల్లియు బిడ్డయు మరల నొక్కటైరి. అది మొదలు అతడు కడవరకు ఆమెకు కుడిభుజమై నిలిచెను. ఎందరో పిల్లలకు తోడైన యామె, తన బిడ్డను దూరముగ నుంచి యెంతకాలము గడపెనో తలంచినచో మనస్సు కరగకమానదు.

1901లో ఆమె ఆ విద్యాలయమును విడిచి, మరల విద్యార్థినియై తత్త్వశాస్త్రము, మనుష్యశాస్త్రము మొదలగునవి చదివెను. 1907వ సంవత్సరము జనవరి 6వ తేదీన రోములోని సాన్ లోరెంజో యను పేదల పేటలో ఆమె పేరు శాశ్వతము చేసిన శిశుగృహము తెరవబడెను. ఆ పేటలో నొక సంఘమువారు పాత భవనములను బాగుచేసి కూలివారి కద్దె కిచ్చిరి. తలిదండ్రులు పనికి పోగా పిల్లలు గోడలు పాడుచేయుచుండిరి. వారి నొకచోట కూర్చుండబెట్టుటకే ఆ సంఘమువా రామెను పిలిచిరి. ఉపాధ్యాయ శిక్షణ పొందని యొక యువతి ఆమెకు సహాయురాలు. మందబుద్ధులనబడిన పిల్లలకై తాను సిద్ధపరచిన పరికరములనే మేరియా ఈ పిల్లల ముందుంచి, దూరముగ కూర్చుండి చూచెను.

చూచినకొలది ఆమెకు క్రొత్త సంగతులు తెలియవచ్చెను. ఇంచుమించు మూడేండ్ల బాలిక యొకతె చిన్నవియు పెద్దవియునగు కొయ్యగుంజలను వానికి తగిన రంధ్రములలో నమర్చుచు, తీయుచు, మరల నమర్చుచు నుండెను. చుట్టు పిల్లలు పాడినను, ఆమె కూర్చున్న కుర్చీని ఎత్తి బల్లపై బెట్టినను, ఆమె తల యెత్తలేదు. నలువదికి పైగా పర్యాయములు ఆ పని చేసి, చాలించి, మంచి నిద్రనుండి లేచినదానివలె చిరునగవుతో చుట్టు చూచెను. చేసినదే చేయుట వృథాకాలక్షేపమని పెద్దలు తలంతురు. ఆ పునరావృత్తిలోనే బాలుని మనస్సు తన్ను తాను కూర్చుకొనుచున్నదని మేరియా గ్రహించెను.

ఆమె గదిలోని యేర్పాటులు మనము శ్రద్ధగా తెలిసికొనదగినవి. బల్లలు, కుర్చీలు పిల్లలు మోయగలిగినంత తేలికవి. ప్రతి వస్తువునకు పిల్లల చేతి కందు ఎత్తున నొక స్థానము; వాడిన పిదప దాని నచటనే యుంచవలెను. ప్రతి పరికరము ఒక్కటొక్కటియే గనుక, ఒకడు వాడుచుండగా మరియొకడు వేచియుండవలెను. తప్పు చేసినచో ఉపాధ్యాయిని గద్దింప బనిలేదు. గుంజ రంధ్రములో పట్టదు, పిల్లవాడే తెలిసికొని దిద్దుకొనును. చిన్నవారును పెద్దవారును ఒకే గదిలో నుందురు. నిశ్శబ్దపు ఆట యని యొకటి కలదు: అందరును కదలక కూర్చుండగా ఉపాధ్యాయిని దూరమునుండి గుసగుసగా నొక్కొక్కరి పేరు పిలుచును, పిలువబడినవాడు చప్పుడు చేయక మెల్లగ వచ్చును.

అక్షరాభ్యాసమునకు ఆమె గరుకుకాగితముతో చేసిన అక్షరములను వాడెను. పిల్లవాడు వానిని వ్రేలితో తడవుచు పలుకును. కన్ను, చెవి, వ్రేలు మూడును ఒక్కసారి నేర్చును. ఇది మనకు కొత్త గాదు. పూర్వము మన వీధిబడులలో ఇసుక పరచి, పిల్లవాని వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించెడివారు. కృష్ణయొడ్డు ఇసుకలో మన ముత్తాతలు నేర్చిన విధమును, రోములోని పేదపిల్లలు నేర్చిన విధమును ఒక్క తీరుననే యున్నవి. పలకయు, దానివెనుక పుస్తకమును వచ్చినపిదప మనము ఆ వ్రేలిని మరచితిమి.

1909లో ఆమె తన పద్ధతిని గ్రంథరూపమున ప్రకటింపగా, అది కొలదికాలమున పెక్కు భాషలలోనికి పరివర్తన మొందెను. 1915లో అమెరికాలోని సాన్ ఫ్రాన్సిస్కో ప్రదర్శనములో అద్దపుగోడల గదిలో ఆమె పద్ధతిని పిల్లలచే నడిపించి చూపగా జనులు విరగబడి చూచిరి. 1929లో అంతర్జాతీయ సంఘ మేర్పడెను. 1931లో గాంధీమహాత్ముడు లండనులో ఆమెను కలిసికొనెను. ఇటలీలో ముస్సోలినీ మొదట ఆమె పాఠశాలల నాదరించెను గాని, పిల్లలను సైనికులుగా దీర్చు ఆతని తంత్రమున కామె లొంగకపోగా 1934లో అవి మూతబడెను. జర్మనీలోను అట్లే జరిగెను. 1936లో స్పెయినులో అంతర్యుద్ధము రేగగా బార్సిలోనాలోని యింటిని విడిచి ఆమె హాలెండుదేశము చేరెను.

1939వ సంవత్సరము నవంబరులో, దివ్యజ్ఞానసమాజాధ్యక్షుడైన అరండేలుగారి యాహ్వానముపై, తన అరువదితొమ్మిదవయేట ఆమె మారియోతో మద్రాసునందలి అడయారునకు విచ్చేసెను. అప్పుడు మన కృష్ణామండలమును మద్రాసు రాజధానిలోని భాగమే గనుక, ఆమె మన యింటికే వచ్చినదనవచ్చును. దేశపు నలుమూలలనుండి సుమారు 300 మంది ఉపాధ్యాయులు ఆమెకడ శిక్షణకు చేరిరి. ఆమె ఇటాలియనులో నుపన్యసింపగా మారియో ఆంగ్లములో చెప్పుచుండెను. 1940 జూనులో ఇటలీ యుద్ధమున దిగుటతో వారిరువురు శత్రుదేశీయులైరి. మారియోను నిర్బంధశిబిరమునకు పంపిరి. ఆమెను అడయారు దాటరాదనిరి. ఆగస్టు 31న ఆమె డెబ్బదియవ జన్మదినము. ఆనాడు రాజప్రతినిధి మారియోను విడుదలచేసి, కుమారుని తల్లికి కానుకగా పంపుచున్నట్లు తంతి నిచ్చెను. అంతవరకు లోకము మారియోను ఆమె బంధువనియో, పెంపుడు కుమారుడనియో యెంచుచుండెను. అతడు ఆమె కుమారుడని బహిరంగముగ గుర్తింపబడినది మన దేశమందే.

యుద్ధకాలమున 1942 మొదలు 1944 వరకు ఆమె కొడైకెనాలు కొండపై పిల్లల నడుమ గడపెను. 1946లో ఐరోపాకు మరలి, 1947లో తిరిగి మన దేశమునకు వచ్చి, 1949 వరకు శిక్షణతరగతులు నడపెను. పుట్టినది మొదలు శిశువు మనస్సు పరిసరములను ఎట్లు పీల్చుకొనునో తెలుపు ఆమె ప్రసిద్ధగ్రంథము మన దేశమున నామె చేసిన యుపన్యాసములనుండి పుట్టినదే. 1949లో అడయారులోనే అచ్చయ్యెను. 1952వ సంవత్సరము మే 6వ తేదీన హాలెండులోని నూర్డ్‌విక్ అను సముద్రతీరపు టూరిలో ఆమె పరమపదించెను. ఎనుబదిరెండవ యేడు నడుచుచుండెను. ఆమె దేహము నచటనే సమాధి చేసిరి.

ఆమె చరిత్ర మింతటితో ముగిసెను. మన కర్తవ్యము ముగియలేదు. మహనీయులను పొగడుటయే కాక వారి పనిలో మిగిలినదానినికూడ గుర్తింపవలెను. మేరియా తొలి పాఠశాల వెలివేయబడిన పిల్లలకొరకు వేరుగా నేర్పడినది. వారిని తక్కిన పిల్లలతో నొకే గదిలో కూర్చుండబెట్టుట ఆనాడు జరుగలేదు. 1907 తరువాత ఆమె కీర్తి యంతయు సామాన్యశిశువుల విద్యనుబట్టి పెరిగెను. పద్ధతి దేశదేశములకు పోయెను. ధనికుల పాఠశాలల బోర్డులమీది కెక్కెను. ఆ పద్ధతిని తమ చిన్నచేతులతో నేర్పిన మొదటి పిల్లలు మాత్రము వెలుపలనే నిలిచిపోయిరి. ఇది తీర్పవలసిన ఋణము.

ఆ పిల్లలలో ఎవరి కే లోప ముండెనో నేడు వేరుచేసి చెప్పుటకు వీలులేదు. ఏలయన ఆటిజము, అనగా స్వలీనత, ప్రత్యేకముగా గుర్తింపబడినది తరువాతనే. మాస్కోలో సుఖరేవా అను వైద్యురాలు 1925లోనే యట్టి పిల్లలను వర్ణించెను గాని ఆమె మాట అంతగా వ్యాపింపలేదు. 1943లో, మేరియా కొడైకెనాలులో నున్న కాలముననే, అమెరికాలోని బాల్టిమోరు నగరమున కన్నరు అను వైద్యుడు పదునొకండుగురు పిల్లల సంగతి వ్రాసి ఆ పేరును స్థిరపరచెను. మరుసటి యేట వియన్నాలో ఆస్పెర్గరు మరికొందరిని వర్ణించెను. ఇది అంటురోగము గాదు. తల్లి ప్రేమలోపముచే కలుగునని కొంతకాలము చెప్పిన మాట యబద్ధమని తేలిపోయినది. పుట్టుకతోనే మెదడు వేరొక తీరున పెరుగుటచే ఇట్టి పిల్లలకు ఇతరులతో మాటాడుట, కలియుట, వారి ముఖభావములు గ్రహించుట కష్టమగును. చేసినదే చేయుటయందు, ఒకే క్రమమునందు వారికి ప్రీతి. కొందరికి మాట రాదు; కొందరు చక్కగా మాటాడుదురు. కొందరికి చదువు కష్టము. కొందరు తోటివారిని మించుదురు. బెంజ్ సర్కిలు వద్ద మన మలవాటుపడిన బస్సుల హారనుమ్రోత అట్టి బాలుని చెవికి ఉరుమువలె తగులవచ్చును. వాడు చెవులు మూసికొని ఏడ్చినచో నది మొండితనము గాదు, బాధ.

అట్టి పిల్లవానికి ఆట రాదని కొందరందురు. ఆట రాకపోవుట గాదు; వాని యాట వేరు. బొమ్మబండిని త్రోలక తలక్రిందులు చేసి చక్రము త్రిప్పును. కొండపల్లి బొమ్మలతో పెండ్లియాట ఆడక వరుసగా పేర్చును. మనము వానిచేతినుండి బొమ్మను లాగికొని మన యాట నేర్పబోవుదుము. మేరియా యైనచో ముందు కూర్చుండి చూచియుండును. వానిప్రక్క కూర్చుండి మనమును ఒక చక్రము త్రిప్పవలెను. మనమును ఒక బొమ్మను వరుసలో చేర్చవలెను. నేడు కాకున్న రేపు వాడు మన చేతివంక చూచును. అప్పుడు వంతులు మొదలగును: ఒకసారి నీవు, ఒకసారి నేను. పిల్లలు ఒకరినొకరు తెలిసికొనుటకు ఇదియే తొలిమెట్టు. ఆమె శిశువు చేయునదానిని ఆటయనక పని యనుచుండెను. పేరేదైనను, శిశువు తన యిష్టముతో చేతులార చేయునదే వానికి చదువు.

ఇందులకు విలువగల పరికరములు కొనబనిలేదు. మన వామనగుంటల పీటయందు పదునాలుగు గుంటలు, చేతినిండ చింతగింజలు గలవు. గింజలు పంచుటలో లెక్కయు, వేళ్లకు పనియు, ఎవరి వంతో కంటికి కనబడు క్రమమును గలవు. దాగుడుమూతలలో ఒక్కసారిగా కేక వేసిన బెదరు పిల్లవానికి అంకెలు లెక్కించు పని యొప్పగింపవచ్చును. వాడు ఆటలోనే యుండును. ఇసుకను ముట్టనొల్లనివానికి బియ్యపు పళ్లెమును, కొందరికి నీటితొట్టిని ఇయ్యవచ్చును. ఒక్కసారి నలువదిమందితో గాక మొదట నొక్క స్నేహితునితో కూర్చుండబెట్టవలెను. తరువాత నేమి జరుగునో ముందుగా బొమ్మలు గీసి చూపినచో వాని భయము తగ్గును. గదిలో నొక మూలను చాపపరచి సద్దుమణగిన చోటుగా నుంచినచో, అలసినప్పుడు వాడచట సేదదీరి మరల వచ్చును. నా కన్నులలోనికి చూడుమని గద్దింపరాదు. మాట వినుటకు చెవి చాలును. ఇది మందు గాదు, మాయ గాదు. ఒక పిల్లవానికి నచ్చినది మరియొకనికి నచ్చకపోవచ్చును. కనుకనే ఉపాధ్యాయులు మొదట చూడనేర్వవలెను.

చట్టముకూడ ఇప్పుడు ఈ పిల్లల పక్షమున నున్నది. 1999 నాటి జాతీయ ట్రస్టు చట్టము ఆటిజమును పేర్కొనెను. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము తాను గుర్తించిన 21 వైకల్యములలో దీనిని చేర్చి, ప్రభుత్వ ధనసహాయమునో గుర్తింపునో పొందిన విద్యాసంస్థలు అట్టి పిల్లలను వివక్ష లేక చేర్చుకొని, తోటివారితో కలిపి చదువు చెప్పి, వారికి వలసిన సదుపాయములు కల్పింపవలెనని విధించెను. అయినను, బిడ్డను వెంటబెట్టుకొని బడి వెంబడి బడి తిరిగి, వేరొకచోట చూచుకొనుడను మాట విని మరలిన తల్లులను మేము చూచియున్నాము. చట్టము తలుపు తెరవగలదు. లోపలికి వచ్చిన పిల్లవానిప్రక్క కూర్చుండవలసినవారు మాత్రము ఉపాధ్యాయులును, తోటి పిల్లలును.

విద్యార్థులారా! మీ తమ్ములును చెల్లెండ్రును చదువు చిన్నతరగతులలో, మీ వీధులలో, ఇట్టి బాలుడో బాలికయో యుండవచ్చును. వెక్కిరించుట సులభము, చూచీచూడనట్లు పోవుట యింకను సులభము. మీరొక సాయంకాలము వానిచెంత కూర్చుండి, వాడు పేర్చు వరుసలో నొక గింజ నుంచి, వానివంతు వచ్చువరకు వేచియుండుడు. రోములోని యొక వట్టిగదిలో రొట్టెతునుకల నేరుకొనుచున్న పిల్లలను జూచి యొక యువతి వేసిన ప్రశ్నవలన నేడు కోట్లకొలది పిల్లలు సుఖముగా చదువుకొనుచున్నారు. ఆ మొదటి పిల్లలవంటివారికి మన బల్లపై చోటు చూపినచో, మాంటిస్సోరి పేరును మన పట్టణము అర్థముతో పలికినట్లగును. వచ్చు జూనులో బడి తెరచునాటికి మన చిన్నతరగతిలో అట్టి చోటొకటి సిద్ధమై యుండునుగాక.